కరకంబాడి రోడ్డు సంగటి షెడ్డు: 5కి 4, ఆ ఒక్క మార్కు ఊరుబిండిలో ఉప్పుకి పోయింది

తిరుపతి నుంచి కరకంబాడి రోడ్డు మీద పోతుంటే ఒక వేపచెట్టు, దాని కింద రేకుల షెడ్డు, ముందు ఓ పది ప్లాస్టిక్ స్టూళ్లు, ఒక నీళ్ల డ్రమ్ము. అంతే. బోర్డు లేదు, పేరు లేదు, ఫోన్లో మ్యాప్ తీసి వెతికినా దొరకదు. మధ్యాహ్నం పన్నెండు దాటాక ఆటోలు, బైకులు, అప్పుడప్పుడు ఒక కంపెనీ బస్సు రోడ్డు పక్కన వరసగా ఆగి ఉంటే అదే అనుకోండి. కట్టెల పొయ్యి వాసన ఎలాగూ దారి చూపిస్తుంది.

దొరికేవి తక్కువే. రాగి సంగటి, నాటుకోడి పులుసు, చెనక్కాయల ఊరుబిండి (అంటే రోటి పచ్చడి), పులగూర, మజ్జిగ. రెండు ముద్దలు, కోడి పులుసు కలిపి 160 రూపాయలు, కోడి వద్దంటే 70. శనివారం కోడి ఉండదు, ఎంత బతిమాలినా ఉండదు, ఎందుకంటే వండే ఆయన వెంకన్న భక్తుడు, శనివారం ఆయన పొయ్యి మీదికి నీసు ఎక్కదు. బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు పాపం శనివారమే వచ్చి మొహం వేలాడేసుకుని పోతుంటారు, వాళ్ల కోసం ఈ ముక్క ముందే రాసేస్తున్నా. ఆ రోజు పులగూర మాత్రం రెట్టింపు వండుతారు, నిజం చెప్పాలంటే నాకు శనివారమే ఇష్టం.

సంగటి గురించి కొంచెం ఎక్కువే రాస్తా, ఏమనుకోకండి. ఈ మధ్య తిరుపతిలో సంగటి పేరు చెప్పి ఎక్కడ పడితే అక్కడ హోటళ్లు లేచాయి, వాటిలో కొన్నింటికి బోర్డులు కొట్టింది నేనే, నా పని ఫ్లెక్సీ ప్రింటింగ్. చాలా చోట్ల సంగటి అంటే జావకి ఎక్కువ, ముద్దకి తక్కువ, వేలు పెడితే బంకలా అంటుకుంటుంది. ఇక్కడ నూకలు బాగా ఉడికి గంజి తెర్లుతున్నప్పుడు రాగిపిండిని మధ్యలో కుప్పగా పోసి, కలపకుండా, మూతపెట్టి వదిలేస్తారు. పిండి ఆ ఆవిరికే ఉడకాలి. పచ్చివాసన పోయిందో లేదో ఆయన మూత కొంచెం జరిపి ముక్కుతోనే చూసుకుంటాడు, గడియారం చూడడు. అప్పుడు దేగిసా దించి, గోనెపట్ట అడ్డం పెట్టి రెండు కాళ్లతో బిగించి పట్టి, తెడ్డుతో గెలుకుతాడు చూడండి, అరవై దగ్గర పడిన మనిషి, ఐదు నిమిషాల్లో బనియన్ మొత్తం తడిసిపోతుంది. ఒక్క ఉండ దొరకదు మీకు. తర్వాత తడి గిన్నెలో వేసి రెండు విదిలింపులు విదిలిస్తే ముద్ద గుండ్రంగా, నున్నగా వచ్చి ప్లేట్లో కూర్చుంటుంది. నడిమధ్య బొటనవేలితో గుంట, గుంటలో పులుసు. నమిలితే మజా రాదు, పులుసులో అద్దుకుని మింగెయ్యాలి. మొన్న ఒకాయన ఫోర్కు అడిగాడు, షెడ్డు మొత్తం తిరిగి చూసింది.

నాటుకోడి నిజంగా నాటుకోడే. ముక్క కొంచెం గట్టిగా ఉంటుంది, పళ్లు బాగున్నవాళ్లకే ఆ సుఖం. మసాలా రోట్లో దంచి వేస్తారు, పొడి ప్యాకెట్ వాసన ఎక్కడా రాదు.

లోపాలు కూడా చెప్పుకోవాలి కదా. ఊరుబిండిలో ఉప్పు ఒక రోజు ఉన్నట్టు ఇంకో రోజు ఉండదు, ఆయన చేత్తో వేస్తే సరిపోతుంది, వేరేవాళ్లు వేసిన రోజు నాలుక మండుతుంది. చేతులు కడుక్కోడానికి ఒకటే కుళాయి. ఆడవాళ్లు కూర్చుని తినడానికి విడిగా చోటు లేదు. కార్లో వస్తే ఎక్కడ ఆపాలో మీ తిప్పలు మీరు పడాలి. ఫోన్ పే ఉంది కానీ ఆ ఫోను ఆయన కూతురి దగ్గర ఉంటుంది, ఆ అమ్మాయి కాలేజీ నుంచి వచ్చేదాకా నోట్లే ఇవ్వాలి, 500 నోటు ఇస్తే ఆయన దాన్ని వెలుతురులో పట్టుకుని చూసి మళ్లీ మన చేతిలోనే పెడతాడు. సంగటి పార్సెల్ మాత్రం తీసుకోకండి, గంటకి రాయి అవుతుంది, ఇంటికి పోయి షెడ్డుని తిట్టుకోవద్దు.

ఇంతవరకు ఎవరైనా రాసేదే. ఇక ఈ 4 మార్కుల్లో పక్షపాతం ఉందా అని అడిగితే, ఉంది. ఆ వండే ఆయన నాకు తెలుసు. ఎట్లా తెలుసంటే ఇద్దరం ఒక జైల్లో ఉన్నాం.

ఇది రాయడానికి ఆయన ఒప్పుకున్నాడు, పేరు, ఫొటో వద్దన్నాడు. మొదట నేనే భయపడ్డా, జైలు వంట అని తెలిస్తే జనం రారేమో అని. "వచ్చేవాళ్లు ఆకలికి వస్తారు, నా చరిత్రకి రారులే" అన్నాడు. ఆయన్ని నేను మామా అంటాను, ఆయన నన్ను అల్లుడా అంటాడు. చుట్టరికం ఏమీ లేదు, మాది క్రైస్తవ కుటుంబం, ఆయనది పాకాల వైపు పల్లె, గోవిందనామం పెట్టుకోనిదే పొయ్యి ముట్టించడు.

2023 డిసెంబర్ 23, శనివారం. తిరుపతి వాళ్లకి ఆ తేదీ గుర్తుండే ఉంటుంది, వైకుంఠ ఏకాదశి, ఊరంతా జనమే జనం, టోకెన్ల కోసం వచ్చినవాళ్లు ఫుట్‌పాత్‌ల మీద దుప్పట్లు కప్పుకుని పడుకున్నారు. ఆ నెల మొదట్లోనే మిచౌంగ్ తుపాను వానకి నా షాపులోకి నీళ్లొచ్చి రోల్స్ కొన్ని తడిసిపోయాయి, ఆ కంగారులో ఉన్నా. దానికంటే ముందు నుంచే ఒక చెక్ బౌన్స్ కేసు నడుస్తోంది, సెక్షన్ 138. ఇక్కడ ఒకటి చెప్పాలి, అది బెయిలబుల్ కేసు, బుద్ధిగా వాయిదాలకి పోతే లోపలికి పోయే పనే లేదు. నేను పోలేదు. ఈసారి ఆర్డర్ పని ఉంది, వచ్చేసారి పోతాలే అనుకుంటూ మూడు వాయిదాలు ఎగ్గొట్టాను, నాన్ బెయిలబుల్ వారెంట్ వచ్చింది. తప్పు ఎవరి మీదా నెట్టను. ఆ శనివారం పొద్దున మా ఆవిడ మేడ మీద నక్షత్రం కట్టడానికి వైరు లాగుతోంది, నేను కింద నుంచి ఇటు, అటు అని చెప్తున్నా, గేటు దగ్గర ఇద్దరు కానిస్టేబుళ్లు.

సాయంత్రం ఇన్‌చార్జి మేజిస్ట్రేట్ గారి దగ్గర హాజరుపరిచారు. మరుసటి రోజు ఆదివారం, సోమవారం క్రిస్మస్. మా లాయరు ఒకటే మాట అన్నాడు, మంగళవారం దాకా ఏమీ చెయ్యలేను అని. నాకు ఆ మంగళవారం అన్న మాట చెవిలో చాలాసేపు మోగింది. ఏ జైలో రాయను, ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఒక చిన్న జైలు అనుకోండి చాలు.

లోపలికి పోయాక ఒక రిజిస్టర్‌లో పేరు, తండ్రి పేరు, తర్వాత ఒంటి మీద పుట్టుమచ్చలు ఎక్కడున్నాయో చూసి రాసుకున్నారు. చొక్కా విప్పి నిలబడ్డా. ఎడమ భుజం వెనక నాకొక మచ్చ ఉందని నాకు ముప్పై ఎనిమిదేళ్లకి ఆ రోజే తెలిసింది. ఒక ప్లేటు, గ్లాసు, దుప్పటి ఇచ్చి బ్యారక్‌లోకి పంపారు. అప్పటికే అక్కడ తిండ్లు అయిపోయాయి, తాళాలు పడిపోయాయి. నా కోసం ఒకసారి తీసి మళ్లీ వేశారు, ఆ తాళం చప్పుడు ఇప్పటికీ షట్టర్ దించుతుంటే గుర్తొస్తుంది.

గోడకి ఆనుకుని కూర్చున్నా. ఏడ్చాననే చెప్పుకోవాలి, సిగ్గేముంది. అందరూ పడుకున్నారు, ఒక మూల ఒకాయన మాత్రం కూర్చుని ఏదో గొణుక్కుంటున్నాడు. కొంచెం సేపయ్యాక లేచి వచ్చి, నా ముందు మూత పెట్టిన ప్లేటు జరిపాడు.

"తిను. నాకు ఈ పొద్దు ఒక్కపొద్దు."

వైకుంఠ ఏకాదశి ఉపవాసం ఆయనది, రాత్రికి జాగారం. సాయంత్రం అందరితో పాటు తన వాటా అన్నం, చారు తీసుకుని తినకుండా మూతపెట్టి ఉంచాడు. ఎందుకు తీసుకున్నారు మరి అని తర్వాతెప్పుడో అడిగితే, "శనివారం కోర్టు వాళ్లు లేటుగా తెస్తారు అల్లుడా, రాత్రికి ఎవడో ఒకడు కాలే కడుపుతో వస్తాడు, నేను వచ్చిన రోజు అట్లనే పడుకున్నా" అన్నాడు. వెంకన్న కోసం ఆయన వదిలేసిన అన్నంతో ఆ రాత్రి నా కడుపు నిండింది, దాన్ని ఇంతకంటే ఎట్లా చెప్పాలో నాకు రాదు. చల్లారిపోయిన అన్నం, నీళ్ల చారు. రివ్యూ రాస్తున్నా కాబట్టి చెప్తున్నా, ఉప్పు సరిగ్గా ఉండింది.

ఆయన జైలు వంటశాలలో పని చేస్తుండేవాడు. గట్టు తగాదా, అన్నదమ్ముల మధ్య కర్రలు లేచాయి, ఒకరి తల పగిలింది, ఈయన లోపలికొచ్చి అప్పటికే నలభై రోజులు. బయట ఆయన కోసం తిరిగేవాడు లేడు. అట్లాంటివాళ్లే ఎక్కువ అక్కడ. తర్వాత తీరిగ్గా లెక్కలు చూశాను, 2022 చివరికి మన దేశంలో జైళ్లలో ఉన్నవాళ్లు 5,73,220 మంది అయితే అందులో 4,34,302 మంది ఇంకా విచారణలో ఉన్నవాళ్లే, అంటే నూటికి డెబ్బై ఐదు మందికి పైగా శిక్ష పడనివాళ్లు. మా బ్యారక్‌లో కూర్చుని లెక్కపెట్టినా దాదాపు అంతే వచ్చేది.

ఆదివారం 24. పొద్దున నుంచి నా మనసు ఇంటి మీదే. మా చర్చిలో 24 రాత్రి ఆరాధన అంటే మాకు పెద్ద పండగ, పన్నెండు కొట్టగానే ఒకరికొకరు వందనాలు చెప్పుకోవడం, పిల్లలకి కేకులు, కొత్త బట్టల గంజి వాసన, మా అమ్మ ముందు వరసలో కూర్చుని నిద్రపోవడం. నేను చిన్నప్పటి నుంచి ఒక్క ఏడు కూడా మానలేదు. బయట దేవుణ్ణి అంతగా తలుచుకునే మనిషిని కాదు నేను, పాటల కోసం, బిర్యానీ కోసం పోయే రకం. లోపల మాత్రం ఆ పన్నెండు గంటలు ఎట్లా గడుస్తాయా అని టెన్షన్.

రాత్రి తాళాలు పడ్డాక దూరంగా ఎక్కడో చర్చి మైకు వినపడింది. గాలి ఇటు తిరిగినప్పుడు పాట, అటు తిరిగితే ఏమీ లేదు. మామ నా పక్కనే దుప్పటి పరిచాడు.

"ఈ పొద్దు మీ పండగంట కదా. ఒక పాట పాడు."

పాడలేనన్నాను. గొంతు రావడం లేదు, అది కూడా నిజమే. "నిన్న రాత్రి నేను గోవిందలు చెప్పుకుంటుంటే నువ్వు ఏడస్తా ఉన్నావు, అయినా నాకు అడ్డం రాలేదు, ఈ పొద్దు నువ్వు పాడు, నేను ఏడుస్తాలే" అన్నాడు. ఎవరో నవ్వారు. ఇంకో ఇద్దరు క్రైస్తవ కుర్రాళ్లు ఉన్నారని అప్పుడే తెలిసింది, ఒకడు లేచి కూర్చున్నాడు, వాడికి నాకంటే బాగా పాటలు వచ్చు. మెల్లగా మొదలుపెట్టాం. ఒక ముస్లిం కుర్రాడు ప్లేటు బోర్లించి వేళ్లతో దరువు వేశాడు, మా చర్చిలో తబలా వాయించే అబ్బాయికి చెప్పకూడదు కానీ వీడే నయం. పౌలు, సీల చెరసాలలో పాడితే భూకంపం వచ్చి తలుపులు తెరుచుకున్నాయని ఆదివారం బడిలో చెప్పేవారు, మేం పాడితే వార్డరు వచ్చి కాస్త గొంతు తగ్గించండయ్యా అని వెళ్లిపోయాడు. ఆపమనలేదు, అదే చాలు.

పాట అయ్యాక ప్రార్థన చెయ్యమన్నారు. నేను జీవితంలో నలుగురి ముందు ప్రార్థన చేసింది లేదు, మా ఇంట్లో అది అమ్మ డిపార్ట్‌మెంట్. ఏం చెప్పాలో తెలియక, ఎవరికేం కావాలో చెప్పండి, అదే చెప్తా అన్నాను. ఒకడు బెయిల్ అన్నాడు. ఒకడు తల్లికి ఆపరేషన్ అన్నాడు. మామ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నా కూతురు నా మీద అలిగింది, ములాఖత్‌కి ఒక్కసారి కూడా రాలేదు. దాని గురించి మీ దేవునికి ఒక మాట చెప్పు. మా దేవునికి నేను చెప్పుకుంటాండా, ఇద్దరూ అనుకుంటే అయిపోతుంది" అన్నాడు. అదే మాట అదే విధంగా ప్రార్థనలో చెప్పేశాను, మార్చడం చేతకాలేదు. చివర్లో అందరూ ఆమెన్ అంటే మామ అలవాటుగా గట్టిగా "గోవిందా!" అన్నాడు. చీకట్లో ఒక్కసారిగా నవ్వు. ఆ నవ్వుకి వార్డరు రెండోసారి వచ్చాడు.

క్రిస్మస్ రోజు పొద్దున వంటశాలకి పోయిన మామ పదకొండు గంటలకి ఒక కాగితంలో ఏదో చుట్టుకొచ్చాడు. పెద్ద గుండిగలో అన్నం వండితే అడుగున మాడు పడుతుంది కదా, దాన్ని పగలకుండా గుండ్రంగా గీకి తీశాడు, అరచేయి అంత, అంచులు నల్లగా, నడుమ ఎర్రగా. దాని మీద బెల్లం తురుము. వైకుంఠ ఏకాదశికి పొంగలి కోసం తెప్పించిన బెల్లంలో చివరి గడ్డ అడిగి తెచ్చాడట. "కేకు" అన్నాడు. దాన్ని అతి జాగ్రత్తగా తొమ్మిది ముక్కలు చేశాడు, నిజం కేకు కోసినట్టే, ఎవరి ముక్క ఎంతో కళ్లతో కొలిచి. బెల్లం కింద వేడికి కొంచెం కరిగి మాడుకి పట్టుకుంది, పంటి కింద కటుక్కుమంది, మొదట చేదు, తర్వాత తీపి. నేను ఆ తర్వాతి క్రిస్మస్‌కి ప్లం కేకులు తిన్నాను, ఒకటి బెంగళూరు నుంచి వచ్చింది, ఏవీ ఆ పక్కకి రాలేదు. ఆకలి వల్ల అంత రుచి అనిపించిందేమో అంటే, ఆ రోజు మాకు కడుపు నిండా పెట్టారు, ఆకలి కాదు.

మంగళవారం సాయంత్రం నేను బయటికొచ్చాను. మా బావమరిది, సంఘపెద్ద ఒకాయన జామీను ఉన్నారు, వారెంటు రద్దయింది. పోయేటప్పుడు మామ చెయ్యి పట్టుకుని చెప్పాను, మామా, నీకు బెయిల్ రాగానే జామీను నేను చూసుకుంటా, వచ్చే మంగళవారం ములాఖత్‌కి వస్తా అని. దేవుడి మీద ఒట్టు కూడా వేశాను.

పోలేదు.

న్యూ ఇయర్ ఫ్లెక్సీలు, తర్వాత సంక్రాంతి, తర్వాత ఎన్నికల సందడి, మిషన్ పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంది, ఇవన్నీ నిజమే కానీ అసలు నిజం అది కాదు. ఆ గేటు దగ్గరికి మళ్లీ పోవాలంటే నాకు కాళ్లు రాలేదు. ఎవరైనా చూస్తారని. మార్చిలో, ఈస్టర్‌కి ముందు వచ్చే శ్రమ దినాల కూడికల్లో ఒక రాత్రి మా పాస్టరయ్య యోసేపు సంగతి చెప్పాడు, చెరసాలలో యోసేపు పానదాయకుడి, అంటే రాజుకి ద్రాక్షారసం అందించేవాడి, కలకి అర్థం చెప్పి, నువ్వు బయటికి పోయాక నన్ను జ్ఞాపకం చేసుకో అని అడిగితే, వాడు పోయి మరిచిపోయాడు, ఇంకో రెండేళ్లు యోసేపు లోపలే ఉన్నాడు. చిన్నప్పటి నుంచి వందసార్లు విన్న కథ, ఎప్పుడూ నేను యోసేపు పక్షమే. ఆ రాత్రి మొదటిసారి ఆ పానదాయకుడి మొహం కనపడింది, అది నా మొహమే.

పొద్దున్నే జైలుకి పోయాను. మామ లేడు. నెల కిందటే బయటికి పోయాడన్నారు. జనవరిలో బెయిల్ వచ్చిందట, ఇద్దరు జామీనుదారులు దొరక్క ఆగిపోయాడట. బెయిల్ వచ్చినా వారం దాటి లోపలే ఉండిపోయినవాళ్ల సంగతి జైలు అధికారులు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి తెలియజేయాలని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు చెప్పింది, అట్లా ఈయన పేరు పోయింది, అక్కడి నుంచి వచ్చిన ఒక లాయరమ్మ కోర్టులో అర్జీ వేసి సొంత పూచీకత్తు మీద విడిపించింది. పైసా తీసుకోలేదట. మీ వాళ్లెవరైనా ఇట్లా ఇరుక్కుని ఉంటే 15100కి ఫోన్ చెయ్యండి, ఉచిత న్యాయ సహాయం నంబరు అది, హోటల్ రివ్యూలో ఇదేంటి అనుకోకండి, నాకు ఆ రోజు తెలిసుంటే బాగుండేది. అడ్రసు ఎవరూ ఇవ్వలేదు, ఇవ్వకూడదు కూడా. పాకాల వైపు పల్లెలో రెండు మూడు చోట్ల అడిగి వదిలేశాను.

2025 జూన్‌లో ఒక హోర్డింగు కొలతలు తీసుకోవడానికి కరకంబాడి రోడ్డుకి పోయి, ఎండకి తల తిరిగి, ఎక్కడో ఒకచోట కూర్చుందామని ఈ వేపచెట్టు కిందికి వచ్చాను. సంగటి చెప్పాను. తల వంచుకుని ఫోన్ చూసుకుంటున్నా. ప్లేటు వచ్చింది, ముద్ద పక్కన అడక్కుండా ఒక నల్లటి చెక్క, సంగటి మాడు. దాని మీద బెల్లం.

తల ఎత్తడానికి నాకు చాలాసేపు పట్టింది.

పన్నెండు నుంచి మూడు దాకా ఆయనకి మాట్లాడే తీరిక ఉండదు, నేనూ లేవలేదు, అంతసేపూ అదే స్టూలు మీద కూర్చున్నా. జనం తగ్గాక వచ్చి ఎదురుగా కూర్చుని చెమట తుడుచుకున్నాడు. క్షమించు మామా అన్నాను. "కోపమేం లేదు అల్లుడా. మంగళవారం వస్తావని చూసినా. మళ్లీ మంగళవారం చూసినా. ఆపైన వంట పనిలో పడి చూడటం మానేసినా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండు అనిపించింది. అంతలో కాలేజీ బ్యాగు తగిలించుకుని ఒక అమ్మాయి వచ్చి, నాన్నా ఎన్ని ప్లేట్లు అమ్మినావు అని అడుగుతూ గల్లాపెట్టె దగ్గర కూర్చుంది, ఫోను తీసి లెక్కలు చూసుకుంటోంది. మామ నా వైపు చూసి కనుబొమ్మలు ఎగరేశాడు, అంతే, ఏమీ అనలేదు. నేను ఆ అమ్మాయికి ఫోన్ పే చేశాను, 160. మాడుకి డబ్బులు లేవు.

ఆ రోజు నుంచి వారానికి ఒకసారైనా పోతాను, ఎక్కువగా మంగళవారం. ఆయన కేసు ఇంకా నడుస్తోంది, వాయిదాలకి నా బండి మీదే పోతాం, ఒక్కటి కూడా ఎగ్గొట్టనివ్వలేదు. నాది చెక్కు డబ్బు కట్టేసి రాజీ చేసుకున్నాను. మామని చర్చికి రమ్మని నేను పిలవలేదు, నన్ను కొండకి రమ్మని ఆయన పిలవలేదు, మా అమ్మ మాత్రం ప్రతి రాత్రీ ప్రార్థనలో ఈ షెడ్డు పేరు, అంటే పేరు లేదు కదా, ఆ వేపచెట్టు కింద ఆయన అని చెప్తుంది. ఫ్రీగా పెద్ద బోర్డు కొట్టిస్తా మామా, లైట్లు కూడా పెడదాం అని ఎన్నిసార్లు అడిగినా ఒప్పుకోడు. ఫొటో ఒకసారి స్టేషన్లో దిగినా, జన్మకి చాలు అంటాడు. ఫొటో లేకుండా కొడతానన్నా వద్దే. తిరుపతిలో సగం ఊరికి బోర్డులు కొట్టినవాడి మామ షెడ్డుకి బోర్డు లేదని నా పనివాళ్లు నవ్వుతారు.

2025 డిసెంబర్ సంగతి. 25 గురువారం, క్రిస్మస్, షెడ్డు తెరిచే ఉంటుంది. ఆ ఒక్క రోజు మాడు అందరికీ పెడతాడట, బెల్లంతో, దేగిసా అడుగున ఎంత పడితే అంత, ఇరవై ముప్పై మందికి మించి రాదు కాబట్టి పన్నెండులోపే రండి. పిల్లలు, పళ్లు గట్టిగా ఉన్నవాళ్లు ముందు. 30 మంగళవారం వైకుంఠ ఏకాదశి, ఆ రోజు షెడ్డు మూసేస్తారు, అటు పోయి తలుపు కొట్టకండి, ఆయన ఒక్కపొద్దు ఉంటాడు. ఊరుబిండి నంజుకునే ముందు కొంచెం నాలుక మీద వేసుకుని ఉప్పు చూసుకోండి. చిల్లర తెచ్చుకోండి.